ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి వీధిలోకి: వెన్నుపాము గాయంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత నెల ఈ శీర్షికలో, ఎత్తు నుంచి పడినవారిని లేదా రోడ్డు ప్రమాదంలో నడుము దెబ్బతిన్నవారిని ఎలా తరలించాలో రాశాము. మెడను, నడుమును వంగనీయకుండా గట్టి బల్ల మీద పడుకోబెట్టి తీసుకురావాలన్నది అందులోని ముఖ్యాంశం. దానిని చదివి ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది అడిగింది ఆ తరువాతి సంగతి: ఆపరేషన్ అయిపోయింది, ఆసుపత్రివారు ఇంటికి పంపిస్తున్నారు, ఇప్పుడు ఎలా బతకాలి? విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలను ఈ సంచికకు తీసుకున్నాము. పునరావాస వైద్యురాలిగా నాకు తెలిసినంతవరకు సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఆయనకు 34 ఏళ్లు. అపార్టుమెంటుకు రంగులు వేస్తూ పరంజా మీద నుంచి పడ్డారు. డి10, అంటే ఛాతీ వెనుకనుండే పదవ వెన్నుపూస విరిగిందని ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. రెండున్నర నెలలయింది. నడుము కింద కదలిక లేదు, పట్టుకుంటే తెలియదు. ఇంటికి తీసుకువెళ్లమంటున్నారు. మా ఇల్లు గుణదల కొండ మీద ఉంది, రోడ్డు నుంచి అరవై మెట్లకు పైగా ఎక్కాలి. కాళ్లు వచ్చేదాకా ఊళ్లో తన తమ్ముడి ఇంట్లో ఉంచుదామని మా అత్తగారు అంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక గృహిణి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో కాళ్ల సంగతి, ఇంటి సంగతి కలిసిపోయాయి. వాటిని విడదీస్తే నిర్ణయం తేలికవుతుంది.

వెన్నుపాము గాయంలో తిరిగి వచ్చే శక్తి చాలావరకు మొదటి ఆరు నెలలలోనే వస్తుంది. ఆ తరువాత సంవత్సరం వరకు, కొందరిలో ఇంకా ఆలస్యంగా కూడా, కొద్దికొద్దిగా మార్పులు రావచ్చు. ఎంత ఆశ పెట్టుకోవచ్చన్నది గాయం సంపూర్ణమా, అసంపూర్ణమా అన్నదానిపై ఆధారపడుతుంది. మలద్వారం దగ్గర స్పర్శ గానీ, బిగించే శక్తి గానీ మిగిలి ఉంటే దానిని అసంపూర్ణ గాయంగా లెక్కిస్తారు, అటువంటివారిలో నడిచే అవకాశం ఎక్కువ. ఈ మాట మీ డాక్టరు గారిని నేరుగా అడగండి. వచ్చిన సమాధానాన్ని మీ ఆయన దగ్గర దాచవద్దు. తన శరీరం గురించి ఇంట్లో అందరికీ తెలిసి తనకు మాత్రమే తెలియకపోవడం ఏ మనిషికైనా అవమానం. పైగా ఏ రోజుకారోజు కాళ్లు కదులుతాయని ఎదురుచూసే మనిషి వీల్‌చైర్ నేర్చుకోవడానికి ఒప్పుకోడు.

కాళ్లు వచ్చినా రాకపోయినా ఇప్పుడు చేయవలసిన పనులు ఒకటే. డి10 గాయంలో చేతులు, ఛాతీ, పొట్ట పైభాగపు కండరాలు బాగానే పనిచేస్తాయి. మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్‌లో నుంచి కమోడ్ మీదకి తానే మారడం, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, వంట చేసుకోవడం, చేతులతో నడిపే బండి మీద బయటకు వెళ్లడం అన్నీ ఆయన నేర్చుకోగలరు. శిక్షణ సరిగ్గా దొరికితే కొన్ని వారాలలోనే చాలా మార్పు కనిపిస్తుంది. ఎదురుచూస్తూ పడుకోబెడితే ఆ కొన్ని నెలలలోనే కీళ్లు బిగుసుకుపోతాయి, పిరుదుల మీద పుండ్లు పడతాయి, చేతుల బలం కూడా పోతుంది. అందుచేత మీ అత్తగారి మాటలోని ప్రేమను అర్థం చేసుకుంటూనే, ఆ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. అవకాశముంటే ఇంటికి వెళ్లేముందే పునరావాస విభాగం ఉన్న ఆసుపత్రిలో కొన్ని వారాలు చేర్పించండి. మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ విభాగం ఉంది. పునరావాస చికిత్సకు పేరుపడ్డ వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి కూడా మనకు మరీ దూరమేమీ కాదు.

ఇక ఇల్లు. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద ఎన్నో కుటుంబాలు మెట్ల దారుల వెంట బతుకుతున్నాయి. అక్కడ ఒక మనిషి వీల్‌చైర్‌లో ఉంటే, కిందికి దిగాలన్న ప్రతిసారీ ఇద్దరు మనుషులను బతిమాలి మోయించుకోవాలి. మొదటి నెల అందరూ వస్తారు, ఆరవ నెలలో ఎవరికీ తీరిక ఉండదు, ఆ తరువాత ఆయనే అడగడం మానేస్తారు. సొంత ఇల్లైనా సరే, దానిని అద్దెకిచ్చి, కొండ కింద బల్లపరుపుగా ఉన్న వీధిలో, నేల అంతస్తులో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. మందులకు పెట్టే ఖర్చు కన్నా ఈ అద్దె ఆయన ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు టేపు పట్టుకుని వెళ్లండి. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ కనీసం 32 అంగుళాలు ఉండాలి, 36 ఉంటే మరీ మంచిది. స్నానాలగది తలుపు బయటకు తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే వీల్‌చైర్ వెళ్లాక అది మూసుకోదు, పొరపాటున ఆయన పడిపోతే తలుపుకు అడ్డంగా పడతారు. గది మధ్యలో ఐదడుగుల చదరం ఖాళీగా ఉంటే బండి చుట్టూ తిరుగుతుంది. వాకిట్లో మెట్టు ఎంత ఎత్తుందో కొలిచి, అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున వాలు కట్టించండి. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు అవసరమవుతుంది. మేస్త్రీలు సాధారణంగా మోటారు సైకిల్ ఎక్కించడానికి కట్టే నిటారు వాలునే దీనికీ కట్టేస్తారు. దాని మీద ఎక్కబోతే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. దగ్గర నిలబడి కట్టించుకోండి, పైన నున్నటి టైల్స్ వేయించవద్దు. గడప తీయడం ఇంటి యజమానికి ఇష్టం లేకపోతే తీయనక్కరలేదు. దానికి రెండు వైపులా వడ్రంగి చేత చెక్కతో చిన్న వాలు ముక్కలు చేయించి అమర్చుకుంటే చాలు, పసుపు కుంకుమలు పెట్టే గడప అలాగే ఉంటుంది. మంచం ఎత్తు వీల్‌చైర్ సీటు ఎత్తుకు సమానంగా ఉండాలి. నులక మంచం, నవారు మంచం పనికిరావు. మధ్యలో కుంగిపోయి పక్కకు తిరగనీయవు, ఒత్తిడంతా తుంటి ఎముకల మీద పడుతుంది.

ఒక్క మాట మీ గురించి. ప్రతి పనీ మీరే చేయడం మొదలుపెట్టవద్దు. మొదట్లో ఆయన చొక్కా వేసుకోవడానికి పావుగంట పడుతుంది, మీరు వేస్తే ఒక నిమిషం. ఆ పావుగంట ఆగి చూడటమే ఇప్పుడు మీరు ఆయనకు చేయగలిగిన పెద్ద సాయం.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. టిక్కీల (మిర్చి బస్తాల) నెట్టు మీద నుంచి జారిపడి నడుము దెబ్బతింది. ఎనిమిది నెలలుగా మూత్రానికి పైపు ఉంది. నెలకోసారి చలి జ్వరం వస్తోంది. నడుము కింద రూపాయి బిళ్లంత పుండు పడింది. బంధువుల ఇంట్లో శుభకార్యానికి రమ్మంటే, అక్కడ తెలియకుండా విరేచనం అవుతుందేమోనని రానంటున్నారు. ఎనిమిది నెలలుగా గుమ్మం దాటలేదు.
– ఒక కుమారుడు, గుంటూరు

సమాధానం: మీ నాన్నగారిని గుమ్మం దాటనీయనివి కాళ్లు కావు, మూత్రం, విరేచనం, పుండు. ఈ మూడూ అదుపులోకి వస్తే ఆయన పెళ్లికీ వెళతారు, పేరంటానికీ వెళతారు.

మూత్రాశయానికి పైపును నెలల తరబడి ఉంచేస్తే, దాని వెంట క్రిములు పైకి పాకి తరచుగా జ్వరం రావడం, రాళ్లు ఏర్పడటం మామూలే. చేతులు బాగా పనిచేసేవారికి దానికన్నా మంచి పద్ధతి ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి సన్నని గొట్టాన్ని తామే లోపలికి పంపి, మూత్రం ఖాళీ చేసి, వెంటనే తీసివేయడం. సబ్బుతో చేతులు కడుక్కుని, అద్దం ముందు పెట్టుకుని, నర్సు దగ్గర ఉండి నేర్పితే చాలామందికి కొద్ది రోజులలో అలవాటవుతుంది. ఒక్కోసారి వచ్చే మూత్రం 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతోందంటే నీళ్లు ఎక్కువ తాగుతున్నారనో, మధ్య వ్యవధి ఎక్కువయిందనో అర్థం. మొదటి రెండు వారాలు తాగిన నీరు, తీసిన మూత్రం ఒక నోటుపుస్తకంలో వేళతో సహా రాసి డాక్టరుకు చూపించండి. మూత్రపిండాలు పాడవుతున్నా నొప్పి తెలియదు కాబట్టి ఏడాదికొకసారి స్కానింగ్ తప్పనిసరి. వెన్నుపాము గాయమైనవారు ఒకప్పుడు ఎక్కువగా మూత్రపిండాలు చెడిపోయే చనిపోయేవారు. ఆ పరిస్థితిని మార్చింది ఖరీదైన మందులు మాత్రమే కాదు, ఇటువంటి క్రమశిక్షణ కూడా.

విరేచనానికీ ఒక వేళను అలవాటు చేయవచ్చు. ఏదైనా తిన్న తరువాత పేగులు సహజంగా కదులుతాయి. అందుకని రోజూ లేదా రోజు విడిచి రోజు, ఒకే వేళకు, టిఫినో కాఫీయో తీసుకున్న అరగంటకు కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి. కూర్చోలేనివారిని ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. గాయం ఏ స్థాయిలో ఉందన్నదాన్ని బట్టి మలద్వారంలో పెట్టే మందు బిళ్లా, చేతి తొడుగుతో వేలి సాయమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మొదటి కొన్ని వారాలు ఫలితం కనిపించక విసుగు పుడుతుంది. వేళ మార్చకుండా కొనసాగించండి. అలవాటు పడ్డాక మిగిలిన రోజంతా నిశ్చింతగా గడుస్తుంది.

పుండు సంగతి ఆలస్యం చేయవద్దు. పైకి రూపాయి బిళ్లంత కనిపించేది లోపల అరచేయంత ఉండవచ్చు. మానేవరకు ఆ భాగం మీద బరువు పడకూడదు, అంటే బోర్లానో పక్కకో పడుకోవలసిందే. మధ్యలో రంధ్రం ఉన్న రబ్బరు ట్యూబు మీద కూర్చోబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది చుట్టూ రక్తప్రసరణను నొక్కేసి పుండును పెంచుతుంది, వాడకండి. మానిన తరువాత వీల్‌చైర్‌కు తగిన మెత్త కొనండి. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో ముందుకు బాగా వంగి రెండు నిమిషాలు అలాగే ఉండాలి. ఉదయం, రాత్రి అద్దంతో తుంటి, మడమలు, చీలమండలు చూసుకోవాలి. ఎర్రబడిన చోట అరగంట ఒత్తిడి తీసినా ఎరుపు పోకపోతే, ఆ రోజు ఎంత ముఖ్యమైన పని ఉన్నా కూర్చోకూడదు. కాపడాలు, వేడినీళ్ల సంచులు దగ్గరకు రానీయకండి. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసేవాణ్ణి. బైకు ప్రమాదంలో డి4 దగ్గర దెబ్బ తగిలింది. సంవత్సరంన్నర అయింది. వీల్‌చైర్ నేనే నడుపుకుంటాను. మళ్లీ పనిలోకి వెళతానంటే మా నాన్న, మామయ్య “నీకేం లోటు చేశాం, ఇంట్లో కూర్చో” అంటున్నారు. ఏ నిర్ణయమూ నన్ను అడగడం లేదు. ఈ మధ్య ఎందుకు బతకాలా అనిపిస్తోంది.
– ఒక యువకుడు, గుంటూరు

సమాధానం: చివరి వాక్యంతో మొదలుపెడతాను. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడవలసినదేమీ లేదు. ఈ గాయమైనవారిలో చాలామందికి ఏదో ఒక దశలో వస్తుంది. కానీ దానిని ఒక్కరే మోయవద్దు. ఈ రోజే ఇంట్లో మీరు నమ్మే ఒకరికి చెప్పండి, మానసిక వైద్యుడిని కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. నిరాశ అనే జబ్బుకు మందులున్నాయి, అవి పనిచేస్తాయి.

మీకు మరొకరితో పరిచయం కూడా అవసరం: ఇదే గాయమై, పదేళ్లుగా ఉద్యోగం చేసుకుంటూ, సంసారం నడుపుకుంటూ ఉన్న మనిషితో. నేను గంటసేపు చెప్పినా కలగని నమ్మకం అటువంటివారితో పది నిమిషాలు మాట్లాడితే కలగడం నేను చూశాను. మీ ఫిజియోథెరపిస్టును అడిగితే పరిచయం చేస్తారు. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో శస్త్రవైద్యురాలైన మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆ తరువాత పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, ఆ ఆసుపత్రిలో ఆ విభాగాన్ని నిలబెట్టారు. తమిళనాడులోని ఆయిక్కుడిలో ఎస్. రామకృష్ణన్ గారు 1975లో నౌకాదళ ఎంపిక పరీక్షలో మెడకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ పడిపోయిన మనిషి. 1981లో సొంత ఊళ్లోనే అమర్ సేవా సంఘం స్థాపించి, వికలాంగుల చదువుకూ వైద్యానికీ పెద్ద సంస్థగా పెంచారు. మీరు వారంత పనులు చేయాలని ఈ పేర్లు చెప్పడం లేదు. వారి చుట్టూ ఉన్నవారు వారిని పని చేయనిచ్చారని చెప్పడానికి ఉదహరిస్తున్నాను.

మీ నాన్నగారికీ మామయ్యగారికీ నా మాటగా ఇది చదివి వినిపించండి. అయ్యా, మీ అబ్బాయికి తిండికీ బట్టకూ లోటు చేయలేదన్నది నిజమే. కానీ ఆయన అడుగుతున్నది అవి కాదు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి తన సంపాదన, తన స్నేహితులు, తన మాటకు ఇంట్లో విలువ కావాలి. బయటకు వెళితే ఎవరైనా జాలిగా చూస్తారేమోనని మీరు భయపడుతున్నారు. ఆ చూపులను ఆయన తట్టుకోగలరు, నాలుగు గోడలను తట్టుకోలేరు.

ఉద్యోగం విషయంలో, పాత యజమాని దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్లకండి. నేను ఏ పనులు చేయగలను, ఏమి కావాలి అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. బల్ల కింద మోకాళ్లు పట్టే ఖాళీ, గుమ్మం దగ్గర వాలు, వీల్‌చైర్ వెళ్లే మరుగుదొడ్డి, మధ్యాహ్నం గంటసేపు పడుకోవడానికి చోటు. లెక్కల గుమాస్తాకు దాదాపు ఇవే కావాలి. చాలామంది యజమానులు మనసు లేక కాదు, ఏమి చేయాలో తెలియక తప్పుకుంటారు. మొదటి నెల సగం పూట పని చేయండి. ఉత్తరం చదువుతున్న ప్రభుత్వోద్యోగులు ఒకటి గుర్తుంచుకోండి: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించడానికీ హోదా తగ్గించడానికీ వీల్లేదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టులోనైనా ఉంచాలి.

మీ గాయం డి6 కన్నా పైన ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. మూత్రాశయం నిండిపోయినా, మలబద్ధకమైనా, గోరు లోపలికి గుచ్చుకున్నా, మీకు ఆ బాధ తెలియకపోవచ్చు గానీ రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, మెడ పైభాగంలో చెమటలు దాని గుర్తులు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. బిగుతు బట్టలు వదులు చేసి, పైపు మడత పడిందేమో చూసి, మూత్రం ఖాళీ చేయాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలూ ఒక కార్డు మీద రాసి జేబులో పెట్టుకోండి, ఆఫీసులో ఇద్దరికి నేర్పండి. దీనిని చూడని డాక్టర్లు మామూలు బీపీ అనుకునే అవకాశం ఉంది కాబట్టి ఆ కార్డు వారికీ చూపించండి.

ప్రశ్న: స్టెమ్ సెల్ చికిత్సతో నడిపిస్తామని, కొన్ని లక్షలు అవుతుందని ఒకచోట చెప్పారు. పొలం అమ్మి చేయించవచ్చా?
– ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: వద్దు. వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఇటువంటి జబ్బులకు దానిని అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప చికిత్సగా ఇవ్వకూడదు. పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటేనే సంగతి అర్థమవుతుంది. పొలం ఉంచుకోండి. అందులో కొంత డబ్బుతో మంచి వీల్‌చైర్, మెత్త కొని, స్నానాలగది బాగుచేయించండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరంలో ఉండగా ఆటో బోల్తాపడి వెన్నుకు దెబ్బ తగిలింది. నెలసరి మూడు నెలలు ఆగి మళ్లీ వస్తోంది. చదువు మాన్పించాం. ఇక పెళ్లి, పిల్లలు లేనట్టేనా?
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: ఎందుకు లేనట్టు? గాయమైన తరువాత కొన్ని నెలలు నెలసరి ఆగడం మామూలే. మళ్లీ మొదలయిందంటే గర్భం దాల్చే శక్తి చాలావరకు మునుపటిలాగే ఉందని అర్థం. కాన్పు నొప్పులు తెలియకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ కావచ్చు కాబట్టి మొదటి నుంచీ పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలి, వాడుతున్న మందులు ముందుగానే సరిచూసుకోవాలి. మగవారి విషయంలో ఇబ్బందులు ఎక్కువే గానీ వాటికీ చికిత్సలున్నాయి. ఈ మాటలు డాక్టరును అడగడానికి సంకోచించవద్దు.

పెళ్లి అమ్మాయి ఇష్టం. చదువు మాత్రం వెంటనే మళ్లీ మొదలుపెట్టించండి. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి కనీసం ఐదు శాతం సీట్లు చట్టం ప్రకారం ఉన్నాయి. ప్రభుత్వోద్యోగాలలో నాలుగు శాతం. పాత కాలేజీలో తరగతి మేడ మీద ఉంటే కింది గదిలోకి మార్చమని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడగండి. గది మార్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ అక్కరలేదు.

ప్రశ్న: పింఛను, సర్టిఫికెట్ల కోసం ఎక్కడికి వెళ్లాలి?
– పలువురు పాఠకులు

సమాధానం: మీ సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య ధ్రువీకరణ పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన తేదీన ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ కాగితాలు, స్కానింగ్ ఫిల్ములు అన్నీ ఒకే ఫైలులో పెట్టి తీసుకువెళ్లండి, తిరిగి పరీక్షలకు పిలిచినప్పుడూ ఆ ఫైలే అక్కరకు వస్తుంది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, ప్రమాదం వలననో పక్షవాతం వలననో మంచానికీ వీల్‌చైర్‌కీ పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా తీసుకోండి, రైల్వే రాయితీ మొదలుకొని చాలాచోట్ల పనికొస్తుంది. వీల్‌చైర్, మోటారు మూడు చక్రాల బండి వంటివి కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకం కింద, ఈ పరికరాలు తయారుచేసే అలింకో సంస్థ శిబిరాలలో అర్హులకు ఇస్తారు. అయితే అందరికీ ఒకే కొలత వీల్‌చైర్ సరిపోదు. సీటు వెడల్పు ఎక్కువైతే వెన్ను వంకరపోతుంది, భుజాలు అరుగుతాయి. తీసుకునేముందు కూర్చుని చూడండి.

ప్రశ్న: నేను పటమటలో ఒక అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని. మా మూడో అంతస్తులో ఒకాయన వెన్ను దెబ్బతో వీల్‌చైర్‌లో ఉంటున్నారు. లిఫ్టుకు ముందు నాలుగు మెట్లున్నాయి. వాలు కడదామంటే పార్కింగ్ పోతుందని కొందరు ఒప్పుకోవడం లేదు. ఆయన్ను నొప్పించకుండా మేమేమి చేయగలం?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. ఇంటిని ఇంటివారు సరిచేసుకోగలరు గానీ, ఇంటి బయట ఉన్న నాలుగు మెట్లను మీలాంటివారే తీయగలరు.

నాలుగు మెట్లంటే సుమారు రెండడుగుల ఎత్తు, దానికి ఇరవై నాలుగడుగుల వాలు కావాలి. తిన్నగా కడితే పార్కింగ్‌లోకి వస్తుందన్న మాట నిజమే. మధ్యలో ఐదడుగుల చదునైన మలుపు పెట్టి, గోడ వెంట రెండు వరుసలుగా కడితే చాలావరకు సర్దుకుంటుంది. ఒక ఇంజనీరు చేత కొలిపించి, గీసిన కాగితంతో మీటింగు పెట్టండి. ఆయన్ను తప్పక పిలవండి, ఆయన లేకుండా ఆయన గురించి చర్చించవద్దు. ఆ వాలు మోకాళ్ల నొప్పుల పెద్దలకూ, చంటిపిల్లల బండ్లకూ, గ్యాసు సిలిండర్లు తెచ్చేవారికీ ఉపయోగపడుతుందని ఒప్పుకోనివారికి చెప్పండి. అప్పటివరకు మోసి దింపవలసి వస్తే, ఎలా పట్టుకోవాలో ముందు ఆయన్నే అడగండి. వీల్‌చైర్‌ను తీయగలిగే చేతుల దగ్గర, కాళ్ల పలకల దగ్గర పట్టుకుంటే అవి ఊడిపోతాయి. అడగకుండా వెనుక నుంచి తోయడం కూడా మంచిది కాదు.

విజయవాడ కాబట్టి మరో రెండు సంగతులు చూడాలి. గాయం బాగా పైన ఉన్నవారికి దాని కింది శరీరానికి చెమట పట్టదు. అందువల్ల మే నెల ఎండలో కొద్దిసేపటికే ఒళ్లు కాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటరు లైను ఆయన ఇంటి ఫ్యానుకు ఉండేలా చూడండి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచే ఏర్పాటు ఉండాలి. ఎండలో ఆగిన వీల్‌చైర్ ఇనుప భాగాలు తొడలను కాల్చేస్తాయి, నీడలో పెట్టించండి.

రెండవది వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు మేడల మీద ఉన్నవారు కూడా కిందికి దిగలేక, నీళ్లూ తిండీ అందక రోజుల తరబడి చిక్కుకుపోయారు. లిఫ్టు ఆగిన అపార్టుమెంటులో వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. ఆయన పేరు, అంతస్తు మీ వార్డు సచివాలయంలో ముందుగానే రాయించండి. దింపడానికి వచ్చే నలుగురెవరో ఇప్పుడే నిర్ణయించి, ఒకసారి ఆయనతో కలిసి మెట్ల మీద సాధన చేయండి. రెండు వారాలకు సరిపడా మూత్రపు గొట్టాలు, మందులు, సదరం కాగితాల నకళ్లు నీరు చొరబడని సంచిలో ఉంచమని ఆయనకు చెప్పండి. పడవలోకి ఎక్కించేటప్పుడు వీల్‌చైర్‌నూ, దాని మెత్తనూ కూడా వెంట పంపాలి. వరద సహాయ శిబిరంలో రెండు రోజులు గచ్చు నేల మీద పడుకోబెడితే వచ్చే పుండు మానడానికి నెలలు పడుతుంది.